సాంచెలు ఆగితే మొరిగే కండె

ఎల్లేశానికి చిన్నగా మాట్లాడటం రాదు. సిరిసిల్లలో పుట్టి సాంచెల మధ్య పెరిగినవాడికి ఆ అవసరమూ పడలేదు. బయటివాళ్ళు పవర్‌లూమ్ అనే మగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఒక్క సాంచె నడుస్తుంటేనే పక్కవాడి మాట చెవిన పడదు. ఎల్లేశం షెడ్డులో ఎనిమిది ఉండేవి. అందుకని ఆ ఊళ్ళో మాట్లాడటానికి రెండే పద్ధతులు: చెవి దగ్గర నోరు పెట్టి అరవడం, లేదా గొంతు అసలే వాడకుండా పెదవులు మాత్రం ఆడించడం. ఎల్లేశం షెడ్డుకు ఈ చివర, అతని భార్య సత్యవ్వ ఆ చివర నిలబడి, ఒక్క చప్పుడు లేకుండా పెదవులతోనే పొద్దంతా కొట్లాడుకోగలిగేవాళ్ళు. మధ్యలో పనిచేసేవాళ్ళు తల ఇటూ అటూ తిప్పి ఎవరిది పైచేయిగా ఉందో చూసి నవ్వుకునేవాళ్ళు.

అట్లాంటి ఎల్లేశం ఎనభైల చివర్లో ఐ.పి. పెట్టాడు. నూలు ధర ఎక్కి కూర్చుంది, నేసిన గుడ్డ కొనేవాడు లేక మూలన పడింది, అప్పిచ్చినవాళ్ళు పొద్దున చాయ్‌కి ముందే వచ్చి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టారు. జగిత్యాల వకీలు చెప్పినట్టు, నా దగ్గర ఇగ ఏమీ లేదని కోర్టుకు కాగితం పెట్టుకున్నాడు. సాంచెలు పోయాయి, ఇల్లు పోయింది. మిగిలినవి సత్యవ్వ, ఒక రేకుపెట్టె, రెండు బిందెలు, కండె.

కండె అంటే మామూలుగా మగ్గంలో ఇటూ అటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్ట. ఈ కండె మాత్రం కుక్క. తెల్లగా, రెండు కొసలా సన్నగా, నడుమ లావుగా ఉంటుంది. కళ్ళు తెరవని రోజుల్లో కండెల గంపలో దొరికింది కాబట్టి సత్యవ్వ ఆ పేరు పెట్టింది. ఎనిమిది సాంచెల రొదలో దానికి కమ్మగా నిద్రపట్టేది. కరెంటు పోయి సాంచెలు ఆగితే మాత్రం దిగ్గున లేచి మొరిగేది. ఎల్లేశానికి ఇది బాగా కలిసొచ్చింది. గుడ్డల మూట మీద కునుకు తీస్తున్నప్పుడు సాంచెలు ఆగితే అతన్ని లేపేది అదే. లేపిన ప్రతిసారీ రొట్టె ముక్క పెట్టేవాడు. అట్లా కొన్నేళ్ళు పెట్టేసరికి, చప్పుడు ఆగడమంటే లోకంలో ఏదో చెడిపోయిందని, అరిచి చెప్పడం తన ఉద్యోగమని ఆ కుక్క బుర్రలో గట్టిగా కూర్చుంది.

ఉద్యోగం పోయిన సంగతి దానికెవరూ చెప్పలేదు.

సిరిసిల్లలో ఐ.పి. పెట్టినవాడికి కిరాయిల్లు ఎవరిస్తారు? తంగళ్ళపల్లిలో అడిగితే, ఇల్లు ఖాళీగానే ఉంది కానీ తాళంచెవి పోయిందన్నారు. ఎదురుగా తలుపు తీసే ఉంది. చివరికి కోనరావుపేట దగ్గరి ఊళ్ళో ఉన్న చిన్నాయన కొడుకు దశరథం గుర్తొచ్చాడు. అక్కడికి పోతే అతను ఎదురొచ్చి మూట అందుకోబోయి, వెనకాల కండెను చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"అన్నా, కుక్కను తెచ్చినవా! మా ఊర్లె ఒక్క కుక్కన్న కనవడ్డదా నీకు?"

నిజమే. ఊరంతా దాటి వచ్చినా ఒక్కటీ ఎదురుకాలేదు.

"రాత్రి నడిచేటోళ్ళను చూసి మొరుగుతయని అడవుల అన్నలు వద్దన్నరు. ఊరోళ్ళే తీసేసిన్రు."

"ఇది మనుషులను చూసి మొరుగదుర తమ్మీ. చప్పుడు ఆగితేనే మొరుగుతది."

"మా ఊర్ల చప్పుడు ఎప్పుడున్నదే ఆగెతందుకు? ఇది మొరిగితే ఎందుకు మొరిగిందని అన్నలు అడుగుతరు. మొరగకపోతే ఎందుకు మొరగలేదని పోలీసోళ్ళు అడుగుతరు. నేను ఎవలకని జవాబు చెప్పాలె?"

అన్నం పెట్టి, పచ్చడి సీసా చేతికిచ్చి, పొద్దుగూకక ముందే బస్సెక్కించాడు. వాళ్ళు కోరుట్లలో దిగారు. సత్యవ్వకు బీడీలు చుట్టడం వచ్చు. అది వచ్చిన మనిషికి కోరుట్లలో తిండికి లోటుండదు.

బీడీలు చుట్టే ఆడవాళ్ళున్న ఒక గల్లీలో రాబియా బీ ఇంటి ముందు గది కిరాయికి దొరికింది. ఆమె భర్త లతీఫుద్దీన్ చనిపోయి అప్పటికి రెండేళ్ళు. ముందు గదిలో ఆయన దుకాణం ఉండేదట. ఆ గదికి వీధివైపు ఒక తలుపు, లోపల వాకిట్లోకి ఒక తలుపు. రాబియా బీ లోపలి గడప మీద నిలబడి షరతులు చెప్పింది.

"కొత్తగా కిరాయికొచ్చినోళ్ళ పేర్లు ఠాణాల చెప్పాలె, చెప్తా. కిరాయి నెల పుట్టంగనే ఇయ్యాలె. కుత్తా మాత్రం ఈ గడప దాటి నా ఇంట్లకు రావొద్దు. కుక్క ఉన్న ఇంట్లకు అల్లా పంపే ఫరిష్తాలు రారు. ముందర గది నీది, ఆడ నీ ఇష్టం."

"రాదమ్మా. మస్తు బుద్ధిమంతురాలు," అన్నాడు ఎల్లేశం. ఆమె రెండు చెవులూ మూసుకుంది. "అరవకు బేటా, ఈడనే ఉన్న."

సామాను సర్దాక సాయంత్రం అతను సత్యవ్వను దగ్గరికి పిలిచి, తనకు తెలిసినంత రహస్యంగా చెప్పాడు.

"ఇగో, నేను ఐపీ పెట్టిన సంగతి ముసలామెకు తెల్వొద్దు."

లోపలి వాకిట్లోంచి జవాబొచ్చింది. "తెలిసింది బేటా. ఇగ పండుకో."

గోడ అవతలి ఇంట్లోంచి ఇంకెవరో నవ్వారు. సత్యవ్వ అతనివైపు చూసి చాలాసేపు పెదవులు మాత్రమే ఆడించింది. ఆ మాటలు ఎవరికీ వినపడలేదు, వినపడాల్సినవీ కావు. ఒక నెల కిరాయి ముందే తీసుకుంది కాబట్టి రాబియా బీ ఊరుకుంది.

ఊరుకోనిది కండె. పొద్దున గల్లీ సందడిగా ఉండేది కాబట్టి సరిపోయేది. రాత్రి గోడకున్న పాత ఫ్యాను గడగడమని చప్పుడు చేస్తుంటే దానికదే జోలపాట. మధ్యాహ్నం మాత్రం కరెంటు కోత. ఆడవాళ్ళు అన్నాలు తిని నడుం వాల్చేవాళ్ళు, ఫ్యాను ఆగేది, గల్లీ అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యేది. అప్పుడు కండె లేచేది. నాలుగు కాళ్ళు బిగించి, మెడ చాచి, తలుపువైపు కాదు, దొంగవైపు కాదు, సరిగ్గా ఎల్లేశం మొహంలోకి చూసి మొరిగేది. ఫ్యూజు చూసుకో అన్నట్టు. ఎంత కొట్టినా ఆగేది కాదు. రొట్టె పెడితే తిని, మంచి పని చేస్తున్నానన్న ధైర్యంతో ఇంకా గట్టిగా మొరిగేది.

నాలుగో రోజు రాబియా బీ గడప మీదికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చూడు బేటా. అసలే మా సాబ్ పోయినకాడ్నుంచి పగటిపూట నాకు కన్ను మూతపడదు. రాత్రికి అంతంత మాత్రమే. దానికి తోడు ఇదొకటా? జుమ్మా లోపట కుక్కనన్న తీసెయ్యి, లేకపోతే ఇల్లన్న ఖాళీ చెయ్యి."

జుమ్మా అంటే శుక్రవారం. ఇల్లు ఖాళీ చేస్తే తరవాతి ఇల్లెక్కడో ఎల్లేశానికి తెలియదు. కుక్కను తీసేస్తే ఏమవుతుందో అదీ తెలియదు. ఎనిమిది సాంచెలు లారీ ఎక్కుతున్నప్పుడు అతను ఏడవలేదు. ఖాళీ షెడ్డులో నిలబడి కండె సాయంత్రందాకా మొరిగినప్పుడు మాత్రం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ సంగతి సత్యవ్వకు తెలుసు. అందుకే ఆమె తల ఎత్తకుండా బీడీ ఆకు కత్తిరిస్తూ, "రాయికల్ అంగడికి తీస్కపో. సందడుంటది. ఎవలన్న పెంచుకుంటరు," అంది. అని, రొట్టె కట్టిచ్చింది. రొట్టె కుక్కకోసమని ఇద్దరికీ తెలుసు.

రాయికల్ వారం అంగడిలో గిన్నెలకు సొట్టలు తీసేవాడి పక్కన కట్టేశాడు. సుత్తి దెబ్బలు టంగుటంగుమంటున్నాయి. కండె రెండుసార్లు గిరగిరా తిరిగి, ముడుచుకుని, క్షణంలో గురకపెట్టింది. ఎన్నాళ్ళ తరవాతో పట్టిన పగటినిద్ర. ఎల్లేశం చప్పుడు చేయకుండా బస్సు దగ్గరికి వచ్చాడు. కాలు మెట్టు మీద పెట్టాక ఒక ఆలోచన వచ్చింది. సాయంత్రం ఆ సుత్తి ఆగుతుంది. ఇది లేచి మొరుగుతుంది. లేవాల్సిన మనిషి అక్కడ ఉండడు.

కండక్టరు, "ఎక్కుతవా, దిగుతవా?" అన్నాడు.

"దిగుత," అన్నాడు ఎల్లేశం, ఇంకా ఎక్కకుండానే.

ఆ సాయంత్రం కుక్కతోపాటు, సుత్తి చప్పుడు ఇచ్చిన ఉపాయం ఒకటి కూడా మోసుకొచ్చాడు. మర్నాడు కట్టెల అడితిలో వంకరపోయిందని పక్కన పారేసిన పలక ఒకటి అడిగి తెచ్చాడు. కింద రెండు ఇటుక ముక్కలు పెట్టి, పలక మీద మడమతో తొక్కి చూశాడు. ధడ్ అంది. చేతిలో కర్రతో నూనె డబ్బా మీద కొట్టాడు. టక్ అంది. నాడె ఇటునుంచి అటు పోయే దెబ్బ, ఆ వెంటనే దువ్వెనలాంటి పన్నె వచ్చి నూలును తట్టే దెబ్బ. టక్-ధడ్, టక్-ధడ్. పాతికేళ్ళు విన్న చప్పుడు కాబట్టి కాలూ చెయ్యీ తమంతట తామే కుదురుకున్నాయి. మధ్యాహ్నం కరెంటు పోగానే కండె లేచింది, నోరు తెరిచింది. ఎల్లేశం తొక్కాడు. కండె నోరు తెరిచింది తెరిచినట్టే ఆవులింతగా మార్చి పడుకుంది.

"పండుకున్నదే!" అన్నాడు ఎల్లేశం ఆనందంతో, తన మామూలు గొంతులో.

నోరు మూసుకుని తొక్కు అని సత్యవ్వ పెదవులతో చెప్పింది.

శుక్రవారం వచ్చింది. నమాజు వేళ దాటింది. ఇద్దరూ లోపలి తలుపువైపే చూస్తూ కూర్చున్నారు. రాబియా బీ రాలేదు. శనివారం కూడా రాలేదు. ఎందుకు రాలేదో వాళ్ళకు అర్థం కాలేదు, వెళ్ళి అడిగేంత తెలివితక్కువవాళ్ళు కూడా కాదు. ఎల్లేశానికి మాత్రం రోజూ మధ్యాహ్నం డ్యూటీ పడింది. సాంచెలు పోయినా సాంచెల పని పోలేదని సత్యవ్వ ఎగతాళి చేసేది. ఎండకు వీధి తలుపు మూసుకుని అతను తొక్కుతుంటే ఆమె పక్కన బీడీలు చుట్టేది.

తలుపు మూసుకుని చప్పుడు చేయడం ఆ రోజుల్లో మంచి పని కాదు. ఆ ముచ్చట నోటా నోటా సిరిసిల్లకు చేరింది. నూలు ఇచ్చి మునిగిన పెంటయ్య సేటుకు చేరేసరికి ఇంకొంచెం పెరిగింది. ఐ.పి. పెట్టిన ఎల్లేశం కోరుట్లలో దొంగచాటుగా సాంచెలు నడుపుతున్నాడట! అదే నిజమైతే కోర్టు కాగితం చెత్తబుట్టలోకి పోతుంది, ఎల్లేశం జైలుకు పోతాడు.

పెంటయ్య మరుసటి మధ్యాహ్నమే బస్సు దిగాడు. గోడకు చెవి ఆనించి విన్నాడు. సాంచెల మీద పుట్టి సేటు అయిన మనిషి, చెవికి తిరుగులేదు.

"రెండు సాంచెలు," అన్నాడు తనలో తాను. "ఒకదానికి నూనె పెట్టలేదు."

కరెంటు కోత వేళ సాంచె ఎట్లా నడుస్తుందన్న అనుమానం ఆ కోపంలో తట్టలేదు. తిన్నగా ఠాణాకు పోయాడు. తలుపులు మూసి మిషను నడుపుతున్నారని అతను చెప్పింది ఒక మిషను గురించి, అక్కడి జమేదారు అనుకున్నది ఇంకో మిషను గురించి. గోడల మీద అన్నల ఎర్ర కాగితాలు ఎక్కడ అచ్చవుతున్నాయో తెలియక పైవాళ్ళతో మాటలు పడుతున్న జమేదారు, ఇద్దరు కానిస్టేబుళ్ళను వెంటబెట్టుకుని బయలుదేరాడు. ఒకే తలుపు దగ్గరికి ఇద్దరూ రెండు ఆశలతో వచ్చారు.

తలుపు తన్నితే తెరుచుకుంది.

లోపల ఒక మనిషి పలక తొక్కుతూ, డబ్బా కొడుతున్నాడు. ముందు ఒక తెల్లకుక్క గురకపెడుతోంది. మూలన ఒకామె బీడీలు చుడుతోంది.

జమేదారు గదంతా చూశాడు. చూడటానికి పెద్దగా ఏమీ లేదు.

"మిషనేదిరా?"

"ఇదే సార్," అన్నాడు ఎల్లేశం, కాలు ఆపకుండా.

"నిలబడి మాట్లాడు!"

"నిలబడితే ఇది ఆగుతది సార్."

"అసలు గిదంతా ఏంది?"

"కుక్క పండుకోవాలె సార్."

ఎన్నో రకాల అబద్ధాలు విన్న జమేదారుకు ఇది ఏ రకమో తెలియలేదు. కానిస్టేబుళ్ళు రేకుపెట్టె తెరిచి సత్యవ్వ చీరలు దులిపారు. ఇంతలో పెంటయ్య లోపలికి తొంగిచూశాడు. అతన్ని చూడగానే సత్యవ్వ పెదవులు కదిలాయి. చప్పుడు లేకుండా, విరామం లేకుండా, పెంటయ్య తాత ముత్తాతల దాకా పోయాయి.

"ఓ సత్తవ్వా," అన్నాడు పెంటయ్య మెల్లగా. "నేను సుత సాంచెల మీద పెరిగినోన్నే. నువ్వు ఏమంటున్నవో నాకు అంతా ఇనవడుతున్నది."

సత్యవ్వ నాలుక కరుచుకుంది. తరవాత, విన్నాడు కదా అని, చివరి రెండు మాటలు గొంతుతోనే అనేసింది.

"ఆపుర ముందు ఆ చప్పుడు!" జమేదారు లాఠీతో నేల మీద కొట్టాడు.

"సార్, ఒద్దు సార్. ఆపితే..."

"ఆపు!"

ఎల్లేశం ఆపాడు.

కండె లేచింది. నాలుగు కాళ్ళు బిగించింది. ఇన్ని రోజుల బాకీ ఒక్కసారే తీరుస్తున్నట్టు మొరిగింది. జమేదారు ఏదో అడిగాడు, వినపడలేదు. ఎల్లేశం ఏదో చెప్పాడు, అతని గొంతు కూడా వినపడలేదంటే అది మామూలు మొరుగుడు కాదు. కానిస్టేబుళ్ళు తలుపు బయటికి జరిగారు. అప్పుడు లోపలి తలుపు ధడాలున తెరుచుకుంది. రాబియా బీ తలమీది కొంగు జారిపోయి, నిద్రమొహంతో గడప మీద నిలబడింది.

"కౌన్ బంద్ కియా? ఎవలు ఆపిన్రు?"

అందరూ జమేదారువైపు తిరిగారు.

"ఎవలు ఆపిన్రో వాళ్ళే కొట్టున్రి!"

అంత పెద్దావిడ అంత గట్టిగా అనేసరికి జమేదారు తానేం చేస్తున్నాడో తెలియకుండానే పలక మీద బూటు కాలు వేసి తొక్కాడు. కండె ఒక్క క్షణం ఆగి విన్నది. నచ్చలేదు. మళ్ళీ మొదలుపెట్టింది.

పెంటయ్య ఓర్చుకోలేకపోయాడు. "అట్ల గాదు సార్. మీ లెక్క తొక్కితే పోగులన్నీ తెగుతయి. జరుగున్రి." పంచె ఎగదోసి కూర్చుని, కర్ర అందుకుని, మడమ పలక మీద పెట్టాడు. టక్-ధడ్, టక్-ధడ్. చిన్నప్పటి కాలు, మర్చిపోలేదు. కండె అతని చుట్టూ రెండు తిరుగుళ్ళు తిరిగి, అతని మోకాలికి వీపు ఆనించి పడుకుంది.

సేటు తన బాకీ ఎగ్గొట్టినవాడి కుక్కను నిద్రపుచ్చుతున్నాడు.

జమేదారు టోపీ సర్దుకున్నాడు. "చూడమ్మా. ఐపీ పెట్టినోడు, కుక్కను పెట్టుకున్నోడు, తలుపులు మూసి చప్పుడు చేసేటోడు. గిసొంటోళ్ళు మాకొద్దు. ఖాళీ చేయించు. లేకపోతే ఇతనికి పూచీ పడి నువ్వు జిమ్మేదారుగ ఉంటవా?"

ఎల్లేశం రాబియా బీవైపు చూశాడు. జుమ్మా గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆమె ఒక్క మాటంటే ఆ పూటే బస్సెక్కాలి, ఎక్కడికో తెలియకుండా.

రాబియా బీ కొంగు తలమీదికి లాక్కుంది. పెంటయ్య కాలి కింది పలకను చూస్తూ మాట్లాడింది.

"ఈ గదిల మా సాబ్ దూది ఏకేటోడు. ముప్పై ఏండ్లు. ధుం ధుం అని ఒకటే చప్పుడు. నా తల పగులుతుందని తిట్టుకుంట తిట్టుకుంటనే పండుకునేదాన్ని. ఆయన పోయినంక ఈ ఇల్లు చప్పుడు లేకుంటయింది. కన్ను మూతవడలేదు. గడువు పెట్టిన జుమ్మా నాడు వీళ్ళను పొమ్మందామని లేచిన. ఈ పలక చప్పుడు మళ్ళ మొదలైంది. సాయంత్రం అసర్ నమాజుదాకా తెలివి రాలేదు నాకు." జమేదారువైపు తిరిగింది. "రాసుకో బేటా. నా కిరాయిదారు. నేనే జిమ్మేదారు."

"కుక్క?"

"అది గడప ఇవతలకు రాలేదు కదా. దానికేం."

జమేదారు చాయ్ కూడా తాగకుండా వెళ్ళాడు. పెంటయ్య వెళ్ళలేకపోయాడు. కాలు తీస్తే కుక్క లేస్తుంది.

"ఎల్లేశం," అన్నాడు తొక్కుతూనే. "సాంచెలు లేవని కోర్టుల నేనే చెప్త. కానీ బాకీ ఇడుస్తనని అనుకోకు."

"అనుకోను సేటూ."

"నీ షెడ్డుకు బాకీ తకాజాకు వచ్చి, ఈ చప్పుడుకు ఎన్నిసార్లు కునుకు తీసిన్నో." అతని కళ్ళు అప్పుడే బరువెక్కుతున్నాయి. "నన్ను లేపున్రి, బస్సు పోతది."

షిఫ్టు మారినట్టు సత్యవ్వ తన మడమ అతని మడమ పక్కన పెట్టి, ఒక్క దెబ్బ తప్పకుండా పలక అందుకుంది. పెంటయ్య మెల్లగా లేచి, మునివేళ్ళ మీద నడిచి బయటపడ్డాడు. అన్న మాట ప్రకారం కోర్టులో నిజమే చెప్పాడు.

ఆ గదిలో వాళ్ళు ఇంకా ఎన్నో ఏళ్ళున్నారు. కరెంటు కోత వేళలు మారినప్పుడల్లా ఎల్లేశం పని వేళలు మారేవి. ఒకసారి అతను జ్వరంతో ముసుగుతన్ని పడుకున్నాడు. సత్యవ్వ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయి వరుసలో చిక్కుకుంది. కరెంటు పోయింది. కండె లేచి, మొహం కోసం వెతికి, దుప్పటిని చూసి మొరిగింది.

సత్యవ్వ పరుగున వచ్చేసరికి గల్లీ మొదట్లోనే చప్పుడు వినపడింది. టక్-ధడ్, టక్-ధడ్. కొంచెం వంకరగా ఉంది కానీ ఉంది. లోపలికి చూస్తే, రాబియా బీ పలకను గడప మీదికి లాక్కుని, తాను అటువైపే కూర్చుని డబ్బా కొడుతూ, ఒక్క కాలు మాత్రం చాచి తొక్కుతోంది. కండె ఇటువైపు, గడపకు జానెడు దూరంలో నిద్రపోతోంది. తొక్కుతూ తొక్కుతూ రాబియా బీ తల వాలిపోయేది. కాలు ఆగేది. కండె భౌ అనేది. ఆమె ఉలిక్కిపడి, "హా హా, నడుస్తున్నది, నడుస్తున్నది," అని మళ్ళీ తొక్కేది.

సత్యవ్వ వాళ్ళను లేపలేదు. గుమ్మంలో కూర్చుని, పెదవులు మాత్రం ఆడించి నవ్వుకుంది.